డబ్బు ఫోనులో పడుతోంది, మరి నాన్నకు నిద్ర ఎందుకు పట్టడం లేదు?

పొలంగట్టు

మా నాన్నగారి వ్యవసాయానికి సంబంధించిన డబ్బు వ్యవహారమంతా గత ఆరేడేళ్లలో ఫోనులోకి మారిపోయింది. పంట అమ్మిన సొమ్ము నేరుగా ఖాతాలో పడుతుంది, ప్రభుత్వ సాయమూ అందులోకే వస్తుంది, పంట రుణం కూడా ఆ ఖాతాకే ముడిపడి ఉంది, ఎరువుల దుకాణంలో క్యూఆర్ కోడ్‌తో చెల్లింపు అయిపోతుంది. ఇంతకన్నా సుఖం ఏముంటుందని నేనూ అనుకున్నాను. ఈసారి కోతల తరువాత జరిగింది చూశాక అనుమానం మొదలైంది.

పంట సొమ్ము జమ అయినట్టు ఒక సాయంత్రం నా ఫోనుకు సందేశం వచ్చింది, ఎందుకంటే ఖాతాకు జతచేసి ఉన్నది నా నంబరే. మరునాడు ఉదయం కూలీలకు ఇవ్వడానికి ఆయన డబ్బు తీయబోతే సగానికి పైగా లేదు. గడువు దాటిన రుణం కింద బ్యాంకు రాత్రికి రాత్రే సర్దుబాటు చేసుకుంది. బాకీ ఉన్న మాట నిజమే, కట్టవలసిన మాటా నిజమే. కానీ వాకిట్లో కూలీలు నిలబడి ఉండగా ఆయనకు ఆ సంగతి తెలిసింది. చేబదులు తెచ్చి వాళ్లకు ఇచ్చి పంపారు. ఆ రోజు నుంచి రోజుకు రెండుసార్లు నాకు ఫోన్ చేసి "ఖాతాలో ఎంత ఉంది, ఏమైనా పోయిందా?" అని అడుగుతున్నారు. అర్ధరాత్రి ఏదైనా సందేశం వచ్చిందా అని పొద్దున్నే అడగడం కొత్తగా మొదలైంది.

డిజిటల్ ఆర్థిక సేవల వల్ల రైతుల జీవితం మెరుగుపడుతోందని చదువుతూనే ఉంటాం. డబ్బు వేగంగా కదలడం ఒక ఎత్తు, రైతు మనసు కుదుటపడడం మరొక ఎత్తు. ఈ రెండోది నిజంగా జరుగుతోందా? మీ ఇళ్లలో చూసినది చెప్పండి.

నాగలిసాలు

జరగడం లేదన్నది నా అభిప్రాయం. వడ్డీ వ్యాపారి కళ్లంలోకి వచ్చి అడిగేవాడు. అతడు ఎదురుగా ఉన్నాడు కాబట్టి, కూలీలకు ఇచ్చాక మిగిలినది ఇస్తానని చెప్పుకునే వీలుండేది. రాత్రి పన్నెండు గంటలకు లెక్క సరిచూసుకునే యంత్రంతో ఆ మాట ఎవరు చెప్పుకోగలరు?

మూడోపంట

నాగలిసాలు గారు వడ్డీ వ్యాపారిని మరీ దయామయుడిని చేశారు. మా తాతగారు ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం చేసి, ఎంత రాసుకున్నాడో తెలియక పదకొండేళ్లు కట్టారు. కట్టినదానికి రసీదు లేదు, అడిగితే మర్యాద లేదు. పొలంగట్టు గారి నాన్నగారికి జరిగింది బాధాకరమే, కానీ ఆయన ఖాతాలో ఎంత పోయిందో, ఏ తేదీన పోయిందో, దేనికింద పోయిందో అక్షరాలా రాసి ఉంది. మా తాతగారికి ఆ భాగ్యం దక్కలేదు.

నాగలిసాలు

రాసి ఉంది, నిజమే. అయితే అది ఆయన చదవలేని చోట, కొడుకు ఫోనులో రాసి ఉంది.

లెక్కలపుస్తకం

పొలంగట్టు గారు అడిగిన ప్రశ్నలో రెండు వేర్వేరు కొలతలు ఉన్నాయి, పరిశోధనల్లో కూడా ఇవి తరచూ కలిసిపోతుంటాయి. నేను ఈ విషయం మీద చదువుతున్న మనిషిని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ఎక్కువగా చెప్పుకునే ఉదాహరణ కెన్యా. అక్కడ 2007లో ఎం-పెసా అనే ఫోను డబ్బు సేవ మొదలైంది. స్మార్ట్‌ఫోన్ అక్కరలేదు, మామూలు ఫోనులో సంక్షిప్త సందేశం ద్వారా డబ్బు పంపుకోవచ్చు. విలియం జాక్, తవ్‌నీత్ సూరి అనే ఆర్థికవేత్తలు అక్కడి కుటుంబాలను ఏళ్ల తరబడి పరిశీలించి 2014లో ఒక పత్రం ప్రచురించారు. జబ్బు, పంట నష్టం, ఉద్యోగం పోవడం వంటి దెబ్బ తగిలినప్పుడు ఎం-పెసా వాడని కుటుంబాల వినియోగం సుమారు 7 శాతం పడిపోగా, వాడుతున్న కుటుంబాల్లో ఆ తగ్గుదల కనబడలేదు. కారణం సులువైనదే. దూరాన ఉన్న అన్నదమ్ములు, స్నేహితులు తలా కొంత వెంటనే పంపగలిగారు. 2016లో వారిద్దరే, ఎం-పెసా వల్ల సుమారు 1,94,000 కుటుంబాలు, అంటే కెన్యా కుటుంబాల్లో 2 శాతం, కటిక పేదరికం నుంచి బయటపడ్డాయని అంచనా వేశారు. కాబట్టి ఏ మేలూ లేదనడం సరికాదు.

అయితే అందులో కొలిచింది వినియోగాన్ని. ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా అన్నది అది చెబుతుంది, నిద్ర పట్టిందా లేదా అన్నది చెప్పదు. మనసును కూడా విడిగా అడిగి చూసిన అధ్యయనం ఒకటి బంగ్లాదేశ్‌లో జరిగింది. గైబంధా జిల్లా పల్లెల్లోని కుటుంబాలకూ, ఢాకాలో పనిచేస్తున్న వారి పిల్లలకూ ఫోను ద్వారా డబ్బు పంపుకోవడం నేర్పించారు. పల్లెకు వచ్చే డబ్బు పెరిగింది, అక్కడి కటిక పేదరికం తగ్గింది, పనుల్లేని కరువు నెలల్లో పస్తులు తగ్గాయి. పట్నంలో ఉన్న కొడుకులూ కూతుళ్లూ మాత్రం మరింతసేపు పనిచేశారు, తమ ఆరోగ్యం దెబ్బతిన్నదని చెప్పారు. పల్లెలో కుదుటపడిన మేరకు బరువు ఇంకొకరి భుజం మీదికి మారింది. పొలంగట్టు గారూ, రోజుకు రెండుసార్లు ఫోను ఎత్తుతున్న మీకు ఈ ఫలితం కొత్తగా అనిపించకపోవచ్చు.

పొలంగట్టు

లెక్కలపుస్తకం గారూ, ఆ చివరి వాక్యం చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. నిజానికి నేను నాన్నగారి నిద్ర గురించే అడిగాను, నాది లెక్కలో వేసుకోలేదు.

గడ్డివాము

పక్కన పెట్టిన ఫోనుకు నాన్నగారి నుంచి తప్పిపోయిన కాల్స్ ఎన్ని వచ్చాయో కూడా తెలియజేయగలరు.

బ్యాంకుమిత్ర

తొమ్మిదేళ్లుగా నేను ఒక బ్యాంకు తరఫున పల్లెల్లో నగదు చెల్లింపులు చేస్తున్నాను. ఇక్కడ చాలామంది యాప్ దగ్గర మాట్లాడుతున్నారు, నేను బల్ల దగ్గర కనబడేది చెబుతాను.

కోతలు అయిన వారం రోజుల్లో వచ్చే రైతులకు వేలిముద్ర పడదు. కొడవలి పట్టి, గడ్డి లాగి, మట్టి పిసికి గీతలు అరిగిపోయి ఉంటాయి. మొదట కుడి బొటనవేలు, తరువాత చూపుడు వేలు, తరువాత ఎడమ చెయ్యి. తడిగుడ్డతో తుడుస్తాను. కొందరు తామే వేలిని తలకు రుద్దుకొని ఆ జిడ్డుతో మళ్లీ పెడతారు. యంత్రం ఎర్రగా వెలుగుతుంది. వెనుక వరుసలో ఉన్నవారు విసుక్కుంటారు. ఒక పెద్దాయన ఏడు వేళ్లు ప్రయత్నించాక తన అరచేతిని నాకు చూపించి "ఇది నా చెయ్యి కాదంటావా?" అన్నారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. డబ్బు అవసరం ఎక్కువగా ఉండే రోజులూ, వేళ్లు పనికిరాని రోజులూ ఒకటే కావడం ఈ పద్ధతిలోని చేదు నిజం.

ఇంకొక మాట. యంత్రం ఒప్పుకున్న రోజున నా దగ్గర నగదు ఉండకపోవచ్చు. ప్రభుత్వ సాయం అందరి ఖాతాల్లో ఒకే రోజు పడుతుంది, అందరూ ఒకే ఉదయం వస్తారు, నా పెట్టెలో ఉన్నది పదకొండు గంటలకల్లా అయిపోతుంది. మిగిలినవారికి ఫోనులో డబ్బు ఉంటుంది, చేతికి ఉండదు. అంతా నన్ను తిట్టుకుంటూ వెళతారు, వారి తిట్లలో న్యాయం ఉంది.

మూడోపంట

బ్యాంకుమిత్ర గారు చెప్పినదాన్ని కాదనను. పాత పద్ధతితో పోల్చి చూడాలన్నదే నా వాదన. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్ల చెల్లింపులను వేలిముద్రల స్మార్ట్‌కార్డులకు మార్చినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ 157 మండలాల్లో పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలి డబ్బు ముందుకన్నా త్వరగా, ఇంచుమించు చెప్పిన సమయానికి అందింది, మధ్యలో కారిపోయేదీ తగ్గింది. అడిగితే ఎక్కువమంది కొత్త పద్ధతే కావాలన్నారు. చేతివాటం తగ్గడం కూడా ప్రశాంతతే కదా.

లెక్కలపుస్తకం

ఆ అధ్యయనం గట్టిదే. ఒక తేడా మాత్రం గమనించాలి. అక్కడ డబ్బు వచ్చే దారిని మార్చారు. పొలంగట్టు గారి ఇంట్లో బాధ పెట్టింది డబ్బు పోయే దారి. వచ్చేదాన్ని వేగవంతం చేసినప్పుడు కలిగే మేలును చూపించి, పోయేదాన్ని వేగవంతం చేయడాన్ని సమర్థించలేము.

వానచినుకు

ఇప్పటివరకు అందరూ నాన్నలు, తాతలు, పెద్దాయనల గురించే రాశారు. పొలంలో ఎంతో పని చేసే ఆడవారి డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మా అత్తగారికి సొంత ఖాతా ఉంది. కూలి డబ్బు అందులోనే పడుతుంది. కాగితం మీద చూస్తే ఆమెకు ఆర్థిక స్వేచ్ఛ వచ్చినట్టే. అంతకుముందు ఆమె తన కూలిలోంచి కొంత తీసి పాత చీర మడతలో దాచుకునేది, అది ఎంత ఉందో ఆమెకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఖాతాకు జతచేసిన ఫోను మా మామగారిది. డబ్బు పడిన మరుక్షణం ఆయనకు సందేశం వస్తుంది, ఆమె ఇంటికి చేరేలోపే దాని ఖర్చు నిర్ణయమైపోతుంది. పిన్ నంబరు ఆయన ఫోను కవరు లోపల చీటీ మీద రాసి ఉంటుంది. ఖాతా ఆమె పేరు మీద తెరిచారు, తాళం చెవి మాత్రం ఆయనకు ఇచ్చారు.

అలాగని ఆడవారికి ఖాతాలే వద్దనడం లేదు. మధ్యప్రదేశ్‌లో జరిగిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. ఉపాధి హామీ కూలిని ఆడవారి సొంత ఖాతాలోకి నేరుగా వేసి, ఖాతా వాడకం కూడా నేర్పించినప్పుడు వారు బయట పనికి వెళ్లడం పెరిగింది. ఖాతా తెరిచి ఊరుకుంటే ఆ ఫలితం రాలేదు. నేరుగా జమ చేయడం, నేర్పించడం రెండూ కలిస్తేనే వచ్చింది.

గడ్డివాము

చీర మడత బ్యాంకులో సందేశాల రుసుము లేదు, కేవైసీ లేదు, సర్వర్ ఎప్పుడూ ఆగిపోదు. వడ్డీ ఇవ్వకపోవడం ఒక్కటే లోపం.

వానచినుకు

ఎలుకలు ఉన్నాయి గడ్డివాము గారూ. ఒకసారి నిజంగానే కొరికేశాయి. కాబట్టి ఆ బ్యాంకుకూ నష్టభయం లేకపోలేదు.

సొంతచేనులేదు

నేను కౌలుకు చేస్తాను. ఈ చర్చలో ఉన్న చాలా బాధలు నాకు లేవు, ఎందుకంటే ఆ సేవలు నా దాకా రావు. భూమి రికార్డులో ఉన్న పేరును చూసి సాయం వేస్తారు. 2019లో మొదలైన పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా భూమి ఉన్న కుటుంబానికి వస్తాయి, కౌలుదారుకు రావు. డిజిటల్ పద్ధతి వచ్చాక ఆ గీత మరింత గట్టిపడింది. ఇదివరకు భూమి యజమాని కొంత మంచివాడైతే వచ్చినదాంట్లో కొంత చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు ఎక్కడో ఉన్న ఆయన ఖాతాలో నేరుగా పడుతుంది, పడినట్టు నాకు తెలియదు, అడగడానికి నాకు మొహం చెల్లదు.

బ్యాంకు రుణం దొరక్క రెండేళ్ల కిందట ఫోనులో అప్పు ఇచ్చే ఒక యాప్‌లో తీసుకున్నాను. పది నిమిషాల్లో వచ్చింది. రాసిన మొత్తం కన్నా తక్కువ చేతికి వచ్చింది, గడువు నెలలోపే. నా పంట చేతికి రావడానికి ఇంకా మూడు నెలలు ఉంది. గడువు దాటిన రెండో రోజు మా బావమరిదికి, మా పిల్లల ఉపాధ్యాయుడికి ఫోన్లు వెళ్లాయి. నా ఫోనులోని నంబర్లన్నీ వాళ్ల చేతికి వెళ్లాయని నాకు అప్పుడే తెలిసింది. అప్పు తీర్చేశాను. ఆ ఉపాధ్యాయుడు ఎదురుపడితే ఈనాటికీ తల వంచుకొనే వెళతాను.

నాగలిసాలు

సొంతచేనులేదు గారూ, మీరు తల వంచుకోవలసిన పని లేదు. వాళ్లు వంచుకోవాలి.

లెక్కలపుస్తకం

సొంతచేనులేదు గారికి జరిగినటువంటివి పెరిగాకనే భారతీయ రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ రుణాల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పు నేరుగా రుణగ్రహీత ఖాతాలోనే పడాలి, అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటును ముందే చూపించాలి, యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితా జోలికి పోకూడదు. నియమాలు ఉన్నాయి, వాటిని పట్టించుకోని యాప్‌లూ ఉన్నాయి.

మీరు చెప్పిన "పంటకు మూడు నెలలు, గడువు ఒక నెల" అన్న ముక్క ఈ చర్చకంతటికీ కీలకమని నాకు అనిపిస్తోంది. కెన్యాలో 2012లో మొదలైన ఎం-శ్వారీ అనే ఫోను రుణానికి 30 రోజుల గడువు, 7.5 శాతం రుసుము ఉండేవి. ఏడాది లెక్కన చూస్తే అది 90 శాతం. చిన్న దుకాణం నడిపేవారికి రోజూ అమ్మకం ఉంటుంది కాబట్టి 30 రోజులు సరిపోవచ్చు. రైతుకు డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది. నెలజీతం వచ్చేవారి కోసమో, రోజువారీ అమ్మకం ఉన్నవారి కోసమో తయారైన సేవను అలాగే తెచ్చి రైతు చేతిలో పెడుతున్నారు.

గడువు పంటతో కలిస్తే ఏమవుతుందో అదే కెన్యాలో లొరెంజో కాసాబురి, జాక్ విల్లిస్ చూపించారు. చెరకు రైతులకు పంట బీమా ఇవ్వజూపి, కొందరిని ప్రీమియం ముందే కట్టమన్నారు. 5 శాతం మందే తీసుకున్నారు. ప్రీమియం 30 శాతం తగ్గించినా 6 శాతమే. మరికొందరికి ఇప్పుడేమీ కట్టనక్కరలేదు, కోతలప్పుడు చెరకు సొమ్ములోంచి పట్టుకుంటామన్నారు. ఏకంగా 72 శాతం మంది తీసుకున్నారు. బీమా అదే, రైతులూ అటువంటివారే. డబ్బు అడిగిన రోజు మాత్రమే మారింది.

పొలంగట్టు

నాకు ఇక్కడ చిక్కు వచ్చింది. కోతలప్పుడు సొమ్ములోంచి పట్టుకోవడం ఆ రైతులకు మేలు చేసిందని మీరే చెబుతున్నారు. మా నాన్నగారి దగ్గర బ్యాంకు చేసిందీ అదే కదా, కోతల సొమ్ములోంచి పట్టుకుంది. అక్కడ మేలు, ఇక్కడ కీడు ఎలా అయింది?

గడ్డివాము

కోతకాలంలో కోత పెట్టారు. తెలుగు భాష ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టి రెండింటికీ ఒకే మాట ఉంచింది.

మూడోపంట

గడ్డివాము గారు ఈసారి సరిగ్గానే కోశారు.

పొలంగట్టు గారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. ఆ చెరకు రైతుకు ఎంత పట్టుకుంటారో నాట్లనాడే తెలుసు, ఒప్పుకున్నదీ తనే. కాబట్టి మిగిలినది ఎంతో లెక్క వేసుకొని కూలీలకు మాట ఇచ్చి ఉంటాడు. మీ నాన్నగారికి ఆ లెక్క లేదు. గడువు దాటిందన్న హెచ్చరిక వచ్చిందా? వస్తే ఏ ఫోనుకు వచ్చింది?

పొలంగట్టు

ఇప్పుడే వెనక్కి వెళ్లి వెతికాను. మూడు హెచ్చరికలు ఉన్నాయి. మూడూ నా ఫోనుకే వచ్చాయి, మూడూ ఇంగ్లీషులో ఉన్నాయి, రుణ ప్రకటనల సందేశాల మధ్య కలిసిపోయి ఉన్నాయి. నేను ఒక్కటీ తెరవలేదు. ఇన్ని రోజులూ బ్యాంకును తిట్టుకున్నాను. ఇందులో నా వాటా ఉందని రాయడానికి కష్టంగానే ఉంది.

నాగలిసాలు

మీ వాటా తక్కువే. రైతుకు చేరవలసిన మాట రైతుకు అర్థం కాని భాషలో, రైతు దగ్గర లేని ఫోనుకు పంపి, పంపేశామని లెక్క రాసుకున్నవారి వాటా పెద్దది.

వానచినుకు

నాన్నగారు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నారని మొదట రాశారు కదా, దాని గురించి ఒక మాట. 2013లో సైన్స్ పత్రికలో తమిళనాడు చెరకు రైతుల మీద ఒక పరిశోధన వచ్చింది. 54 గ్రామాల్లో 464 మంది. అదే మనిషికి కోతల ముందు, డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు ఒకసారి, డబ్బు చేతికి వచ్చాక ఇంకోసారి ఆలోచనకు సంబంధించిన చిన్న పరీక్షలు పెట్టారు. కోతల ముందు ఫలితాలు బాగా తక్కువగా వచ్చాయి. మనిషి తెలివి మారలేదు, దాన్ని ఆక్రమించుకున్న చింత మారింది.

దీన్ని చదివినప్పుడు నాకు తట్టినది ఏమిటంటే, కోతలు అయ్యాక సొమ్ము చూసుకున్న రైతు మనసు కొన్నాళ్లపాటైనా తేలికపడాలి. మీ నాన్నగారికి ఆ కొద్ది రోజుల తేలిక కూడా దక్కలేదు. సొమ్ము వచ్చింది, అయినా కోతల ముందు చింత కోతల తరువాత కూడా కొనసాగింది. ఆ రెండు ఫోన్లను మీరు విసుగుగా తీసుకోవద్దని నా మనవి.

బ్యాంకుమిత్ర

ఇక చేయగలిగిన పనులకు వద్దాం. పొలంగట్టు గారు, ఆధార్ కార్డు, పాసు పుస్తకం ఇచ్చి నాన్నగారినే శాఖకు పంపండి. ఖాతాకు ఆయన నంబరు జతచేయమని దరఖాస్తు రాయించండి. మీ నంబరుకు వచ్చే సందేశాలు ఆగిపోతాయి, దానికి మీరు సిద్ధపడాలి. ఆయనది మామూలు బటన్ ఫోను అయినా ఫరవాలేదు, సందేశాలు వస్తాయి. చెల్లింపులు కూడా కావాలంటే బటన్ ఫోన్ల కోసం 2022లో యూపీఐ 123పే వచ్చింది, దాన్ని చూపించి నేర్పించండి.

రెండోది, రుణం గడువు తేదీని శాఖలో కాగితం మీద రాయించుకొని గోడకు అంటించండి. ఆ తేదీ పంట అమ్మకం కన్నా ముందు పడుతుంటే అక్కడే అడగండి. పంట రుణాల గడువును పంటకాలాన్ని బట్టి పెట్టాలన్నది నియమమే, కానీ కాగితం నింపినవారు ఏ పంట అని రాశారో ఒకసారి చూసుకోవాలి. నా దగ్గరికి వచ్చినవారిలో ఇద్దరికి వేసిన పంట ఒకటి, రాసిన పంట ఒకటి.

మూడోది వేలిముద్రల మోసం, అంటే మన వేలిముద్రను దొంగిలించి డబ్బు తీసేయడం. ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకునే వీలుంది, కావలసిన రోజున తీసుకోవచ్చు. ఎప్పుడైనా డబ్బు మోసంగా పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

నాగలిసాలు

ఇంత శ్రమ ఎందుకు? పంట సొమ్ము రుణం లేని వేరే బ్యాంకు ఖాతాలో వేయించుకుంటే సరిపోతుంది. కూలీలకు ఇచ్చి, ఇంటికి ఉంచుకొని, మిగిలినది మన చేత్తో మనం కడదాం. నేను అలాగే చేస్తున్నాను.

మూడోపంట

మీరు క్రమం తప్పకుండా కడతారు కాబట్టి మీకు చెల్లింది. అందరూ కడతారా? గడువులోపు కట్టినవారికి పంట రుణం మీద వడ్డీలో 3 శాతం రాయితీ ఉంది, 7 శాతం కాస్తా 4 శాతానికి దిగుతుంది. సొమ్ము వేరే ఖాతాలో ఉంటే అది ఇంటి ఖర్చుల్లో కరిగిపోయి, గడువు దాటి, ఆ రాయితీ కూడా పోతుంది. మా చిన్నాన్న విషయంలో సరిగ్గా అదే జరిగింది.

నాగలిసాలు

మీ చిన్నాన్నగారు ఏం చేయాలో ఆయనే నిర్ణయించుకోవాలి. తప్పు చేసే హక్కు కూడా మనిషికి ఉండాలి మూడోపంట గారూ. నెలజీతం వచ్చేవాడి సొమ్మును మాత్రం ఇలా చెప్పకుండా ఎవరైనా ముట్టుకుంటారా?

మూడోపంట

ముట్టుకుంటారు. నా ఇంటి రుణం వాయిదా ప్రతి నెలా అయిదో తేదీన నన్ను అడగకుండానే పోతుంది.

సొంతచేనులేదు

మీ జీతం ఒకటో తేదీన వస్తుంది కాబట్టి అయిదో తేదీ మీకు ముందే తెలుసు. రైతుకు ఒకటో తేదీ ఏదో తెలియదు.

లెక్కలపుస్తకం

ఇన్ని అధ్యయనాలు ఏకరువు పెట్టి నేను చెప్పలేకపోయింది సొంతచేనులేదు గారు ఒక్క వాక్యంలో చెప్పారు. కొంత అసూయగా ఉంది.

దానికి ఒకటే చేర్పు. ప్రపంచంలో ఎందరికి ఖాతాలు ఉన్నాయన్న లెక్క పెరుగుతూనే ఉంది, 2021 నాటి ప్రపంచ బ్యాంకు ఫిండెక్స్ సర్వే ప్రకారం పెద్దవారిలో 76 శాతం మందికి ఉన్నాయి. అదే నివేదిక ప్రకారం భారతదేశంలో ఖాతా ఉన్నవారిలో సుమారు మూడో వంతు మంది ఏడాదిపాటు దాన్ని ముట్టుకోనేలేదు. ఖాతాలను లెక్కపెట్టడం సులువు. డబ్బు రైతు అనుకున్న రోజున, అనుకున్నంత ఉందా అని అడిగి లెక్కపెట్టడం కష్టం, అందుకే ఎవరూ చేయరు.

పొలంగట్టు

మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. బ్యాంకుమిత్ర గారు చెప్పినట్టే నాన్నగారు శాఖకు వెళ్లారు. రెండుసార్లు తిరగవలసి వచ్చింది, మొదటిసారి సంతకం కలవలేదన్నారు. గడువు తేదీ కాగితం మీద రాయించుకొచ్చి క్యాలెండరు పక్కన అంటించారు. రాసిన పంట విషయంలో మీ అనుమానం నిజమైంది, ఆయన వేసిన పంట కన్నా రెండు నెలల ముందు కోతకు వచ్చే పంట పేరు ఉంది. వచ్చే రుణంలో మారుస్తామన్నారు.

నంబరు మారింది. నిన్న ఆయన ఫోనుకు మొట్టమొదటి సందేశం వచ్చింది. ఇంగ్లీషు కావడంతో పక్కింటి అమ్మాయితో చదివించుకొని, నాకు ఫోన్ చేసి చాలా సంబరంగా చెప్పారు. తీరా వింటే అది ముందస్తుగా మంజూరైన వ్యక్తిగత రుణం ప్రకటన. "మనం అడక్కుండానే ఎందుకు మంజూరు చేశారు, ఇది కూడా పంటలోంచి పట్టుకుంటారా?" అని అడుగుతున్నారు.

బ్యాంకుమిత్ర

పట్టుకోరు, ఆయన ఏదీ నొక్కనంత వరకు. ఆ లింకు తెరవవద్దని చెప్పండి. ప్రకటనలు ఆపడానికి ఆయన ఫోను నుంచే 1909కి ఫోన్ చేసి నమోదు చేయించండి, అప్పుడు ఖాతాలో డబ్బు పడినవీ పోయినవీ వస్తూనే ఉంటాయి, ఇటువంటివి తగ్గుతాయి.

గడ్డివాము

నాన్నగారి నిద్ర సంగతి?

పొలంగట్టు

ఇప్పుడు రోజుకు ఒకసారే ఫోన్ చేస్తున్నారు. సందేశం వచ్చినప్పుడు చదివించుకోవడానికి పక్కింటి అమ్మాయి బడి నుంచి ఎన్నింటికి వస్తుందో ఆయనకు బాగా గుర్తుంది. తెలుగులో సందేశాలు పంపమని శాఖలో దరఖాస్తు ఇచ్చి వచ్చారు, జవాబు ఇంకా రాలేదు.